గంజికి వడగట్టిన నీళ్ళు

మొన్న మా ఇంటికి నీళ్ళ ఫిల్టరు అమ్మెటోడు వచ్చిండు. మెడల టై, చేతిల పెట్టె, నోట్లె తేనె. మా నల్లా నీళ్ళు ఒక గ్లాసుల, తాను తెచ్చుకున్న నీళ్ళు ఇంకో గ్లాసుల పోసి, రెండిట్ల రెండు జతల తీగలు ముంచి కరెంటు పెట్టిండు. జర సేపటికి మా నీళ్ళు పచ్చగయ్యి, నల్లగయ్యి, అడుగున మడ్డి పేరింది. వాని నీళ్ళు మాత్రం తెల్లగనే ఉన్నయ్. "చూసిన్రా అమ్మమ్మా, మీరు రోజు తాగేది ఇదే" అన్నడు. మా కోడలు నోరు తెరిచి చూస్తున్నది. నేను అన్న, "అండ్ల పెట్టిన తీగలు ఇండ్ల పెట్టు, ఇండ్లయి అండ్ల పెట్టు బిడ్డా, గప్పుడు చూస్త." వాడు ఫోనొచ్చిందని చెప్పి పెట్టె సదురుకున్నడు.

"నాయినమ్మా, నీకు అందరి మీద అనుమానమే" అని మా మనుమడు నవ్విండు. ఉంటది మరి! నేను పెరిగిన గల్లీల తిండికి కొదవుండె గని అనుమానానికి ఏ పూట కొదవ లేకుండె.

నేను పుట్టింది గీ అమీర్‌పేటలనే. ఇప్పటి కోచింగు బోర్డులు, హాస్టళ్ళు చూసి గదే అనుకునేరు. గప్పుడు పట్నమంటే ఖైరతాబాదుకు అవతలనే. మా దిక్కు నవాబుల తోటలు, జొన్న చేన్లు, నడుమ నడుమ మా అసొంటోళ్ళ గుడిసెలు. పంజాగుట్ట దిక్కు పోతే బండలు, ముండ్ల పొదలు, ఒక నాలా. ఆ పైన బంజారా గుట్టల మీద సీతాఫలాలు మస్తు కాస్తుండె గని, ఒంటిగ పోవాలంటే మొగోళ్ళే జంకుతుండ్రి.

మాది సాలోళ్ళ గల్లీ. నల్లగొండ దిక్కు ఊర్లల్ల మగ్గం కూడు పెట్టకపోతే, మా తాతలు మగ్గాలు విప్పి బండ్ల మీదేసుకొని వచ్చిన్రట. వచ్చి ఏం జేసిన్రు? ఈడ సుత అదే మగ్గం. ఇల్లంటే ఒక్కటే అర్ర. సగం మగ్గం గుంట, సగంల మేము. పొద్దుగాల్నే గల్లీ పొడుగూత పడుగులు సాగదీసి కట్టి, అంటే చీరల నిలువు దారాలు, వాటికి కుంచెతోటి గంజి రాస్తుండిరి. పులిసిన జొన్నగంజి వాసన, నాలా వాసన, నవాబు తోటల మాగిన జామపండ్ల వాసన, మూడు ఒక్కసారే వస్తుండె. గిన్నెల మిగిలిన గంజిల ఉప్పు, ఎర్రకారం ఏసుకొని నాకుతుంటిమి మేము. ఇప్పటికి ఎక్కడన్న గంజి వాసనొస్తే నాకు ఆకలైతది.

దొడ్డికి పోవుడంటే నాలా గట్టుకే. కాలికి చెప్పులన్న ముచ్చటే లేదు. వానకాలం నాలా పొంగితే గట్టు మీదిదంత గల్లీలకే వస్తుండె, దాంట్లనే మా ఆటలు. పిల్లలందరికి కడుపులు కుండలు, కాళ్ళు పుల్లలు. మా నాయినమ్మ అప్పుడప్పుడు మోదుగ గింజలు నూరి, బెల్లంల ఉండజేసి మింగిస్తుండె. తెల్లారి గట్టు మీద ఎవలకు ఎక్కువ ఏలికపాములు పడినయని మేము పందెం పెట్టుకునేటోళ్ళం. గెలిచినోళ్ళకు ఒక జామకాయ. ఛీ అనుకుంటున్నరేమో, మాకైతే అది పెద్ద గెలుపే.

గని అసలు భయం నారిది, అంటే నారికురుపుది. ఎండకాలం రాంగనె గల్లీల ఎవరో ఒకరికి కాలి మీద బొబ్బ లేస్తుండె. నిప్పు పెట్టినట్టు మంట. బొబ్బ పగిలితే తెల్లగ సేమ్యా లెక్క పురుగు తల బయటికొస్తుండె. దాన్ని గుంజొద్దు. చీపురుపుల్లకు చుట్టి, దినాం జరంత జరంత తిప్పాలె. తెగిందంటే ఇగ ఆ కాలు ఆ మనిషిది గాదు. అది ఏడికెళ్ళి వస్తదో ఎవలకు ఎరుక లేకుండె. పోచమ్మ తల్లి కోపమని ఒకరు, వంకాయ తింటే వస్తదని ఒకరు, బాణామతి అని ఇంకొకరు. మంటకు మందు మాత్రం అందరికి ఎరుకే, మెట్లబాయి. గల్లీ చివర మెట్లు దిగి పోయే పెద్ద బాయి. మోకాలు దాంక నీళ్ళల్లకు దిగి కుండ ముంచుకునేది ఆన్నే, బొబ్బ లేసిన కాలు నీళ్ళల్ల పెట్టుకొని "హమ్మయ్య" అని కూసునేది ఆన్నే.

ఆ ఏడు మా నాయినకు లేసింది. సరింగ మగ్గం తొక్కే కాలి మడిమ మీద. తొక్కితేనే చీర, చీర దిగితేనే జొన్నలు. పొద్దంత మెట్లబాయిల కాలు పెట్టుకొని కూసుంటుండె. నేను పక్కన కూసొని ఆయన వేళ్ళ నడుమ ఎండుటాకులు తేలుతుంటే చూస్తుంటి.

మా మూలింట్లకు అంతకు ముందే ఒకామె వచ్చి చేరింది. మా కులపామెనే, పెనిమిటి లేడు, నా ఈడు బిడ్డ ఉన్నది. చేతి మిషను మీద నవాబు జనానాల ఆడోళ్ళకు లంగాలు, రవికెలు కుట్టి బతుకుతుండె. మూలింటి అత్త అంటుంటి నేను. ఎవలతోటి ముచ్చట పెట్టకపోతుండె. దువ్వుకున్న ఎంటికలు సుత బయట పారెయ్యకుండ సంచిల దాసుకుంటుండె, ఎవరన్న ఏమన్న చేస్తరేమోనని. మేము ఆమెను ఎంత నమ్మకపోతిమో, ఆమె మమ్మల్ని గంతే నమ్మకపోయేది. బాయి కాడ మాత్రం ఆమెదొక వింత. నీళ్ళల్ల కాలు పెట్టది. పై మెట్టు మీద నిలవడి తాడుతోటి చేదుతది. కుండ మూతికి మడతలేసిన బట్ట కట్టి, ఆ బట్టల నుంచే పోస్తది. ఇంటికి పోయినంక ఆ బట్టను నాలా దిక్కు దులిపి, ఎండల ఆరేస్తది.

వాళ్ళింట్ల ఎవలకు నారి లేవలే.

మా నాయినమ్మ ఈ లోకంల నమ్మింది రెండిటినే, పోచమ్మ తల్లిని, తన పొగాకు సంచిని. పాలామెను నమ్మది, తోటమాలిని నమ్మది, పొయ్యిల పిల్లిని నమ్మది. మూలింటామె ఒకనాడు ఆమెను చూసి నవ్వింది. అంతే! "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మొగోన్ని నమ్మొద్దే. అందరిండ్లల్ల ఉన్నది దాని ఇంట్లనే ఎందుకు లేదు? ఆ బట్టల పురుగులు పట్టి, మన గడపల్ల దులుపుతున్నది ముదనష్టపుది" అన్నది. గా మాట గల్లీ తిరిగొచ్చేటాళ్ళకు, దులుపుతుంటే చూసినోళ్ళు సుత తయారైన్రు.

గప్పుడే సర్కారు దవఖాన మనుషులు వచ్చి, నీళ్ళు సాఫ్ కావాలెనని బాయిల ఎర్రమందు కలిపిన్రు. నీళ్ళు బీట్రూటు రసం లెక్కయినయ్. మనల్ని చంపి జాగ తీసుకుంటందుకే అని గల్లీ అంత ఒర్రింది. కొన్ని దినాలు బాయి మొగం చూడకుండ, నాలా పక్కన గుంటలు తవ్వి ఆ నీళ్ళు తాగినం. కడుపులు కదిలి పండినం. "చూసినవా, ఇది వచ్చినంకనే మందు సుత వచ్చింది" అన్నది నాయినమ్మ. అన్నిటికి ఆమెనే.

నాకేమో మూలింటి అత్త బిడ్డతోటే దోస్తానా. ఇద్దరం కలిసి నవాబు తోటల జామకాయలు దొంగిలిస్తుంటిమి. "కౌన్ హై రే!" అని మాలి కట్టె పట్టుకొని ఉరికొస్తే కంచె కింద దూరి బయటవడుతుంటిమి. ఒకనాడు గట్లనే ఉరికొచ్చి వాళ్ళింట్ల వడ్డం. దూప. మూలింటి అత్త ముంతతోటి నీళ్ళిచ్చింది. ఘటఘట తాగిన. ఇంటికొచ్చి నోరు జారి చెప్పిన. ఇగ చూడు! నాయినమ్మ నన్ను ఒళ్ళె బోర్లేసుకొని, గొంతుల వేలు పెట్టి, తాగినయన్ని కక్కించింది. జామకాయలు సుత పాయె. ఉప్పు, మిరపకాయలు దిష్టి తీసి పొయ్యిల ఏసి, ఘాటుకు దగ్గు రాలేదని ఇంకింత భయపడ్డది.

నాయిన ఎన్ని దినాలని కూసుంటడు? ఇంట్ల జొన్నలు అయిపోవచ్చినయ్. పుల్ల కాలికే కట్టుకొని, ఒక పగటి పూట మగ్గం గుంటల దిగిండు. అమ్మ వద్దన్నది, ఇనలే. తొక్కుతుంటే తాడు పుల్లకు తట్టుకొని పురుగు పుట్టుక్కున తెగింది. నాయిన ఒర్రిన ఒర్రుడు నాకు ఇంక చెవులల్ల ఉన్నది. మగ్గం మీద ఎన్ని దారాలు తెగినా చిటికెల ముడేసే మనిషి, కాళ్ళె తెగినదానికి ఏం చెయ్యలేకపాయె. తెల్లారేటాళ్ళకు కాలు మొద్దు లెక్క ఉబ్బి, ఒళ్ళు కాలిపోతున్నది.

"తెగలే, తెంపింది!" అని నాయినమ్మ గల్లీల నిలవడి రొమ్ము కొట్టుకున్నది.

పోచమ్మ గుడి కాడ కులమంత కూసున్నది. మూలింటి అత్తను పిలిచిన్రు. బిడ్డ ఆమె కొంగు పట్టుకొని ఉన్నది. కుల పెద్ద అడిగిండు, "నీళ్ళు బట్టల ఎందుకు పోస్తున్నవమ్మా?"

"మా అత్త చెప్పింది. నా పెనిమిటి నారితోటే కాలు చీమువట్టి సచ్చిండు. బట్టల పొయ్యకుండ నీళ్ళు నోట్ల పొయ్యనని ఎల్లమ్మ ముందట ఒట్టు పెట్టుకున్న."

"బట్టల పోస్తే ఎందుకు రాదు?"

"నాకేం ఎరుక?"

"ఎరుక లేకుంటే ఎట్ల ఆపుతున్నవ్? ఆపేటందుకు ఎరుకైతే, పంపేటందుకు ఎరుక కాదా?"

ఎవడో ఎనుకకెళ్ళి "ముందటి పండ్లు రాలగొట్టుండ్రి, మంత్రం నోరు తిరగది" అన్నడు. బాణామతి చేసెటోళ్ళకు గట్లనే చేస్తరని మేము ఇని ఉంటిమి. మూలింటి అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. కుల పెద్ద జర నయం. "పండ్ల జోలి వద్దు, పొద్దుగూకే లోపట గల్లీ ఇడిసిపెట్టాలె" అన్నడు. మిషను నెత్తి మీద పెట్టుకొని ఆమె, బట్ట కట్టిన కుండ సంకల పెట్టుకొని బిడ్డ, ఖైరతాబాదు తొవ్వ పట్టిన్రు. నా దోస్తు ఒక్కసారి సుత ఎనుకకు తిరిగి చూడలే.

నాయిన మంచం మీదనే ఉన్నడు. ఇల్లు గడవాలెనని అమ్మ వేరేటోళ్ళ పడుగులకు గంజి పెట్టుడు పట్టుకున్నది. గంజికి నీళ్ళు ఊకెనే పొయ్యరు. సన్న ఇసుక వచ్చినా నూలు తెగుతది. అందుకని మెట్లబాయి నీళ్ళు పాత పంచె మడతల్ల వడగట్టి పోస్తరు. మా తాతల నాటి నుంచి అదే పద్ధతి. ఒకనాడు అమ్మ గట్ల పోస్తుంటే నాయిన దూప అన్నడు. అమ్మ లేసి పక్క కుండల, వడగట్టని కుండల, ముంత ముంచింది. ముంచి, గట్లనే నిలవడ్డది.

"ఏమైందే?" అన్న నేను.

పంచె గుడ్డను ఎండలకు తీసుకపోయి చూసింది. నన్ను పిలిచింది. తడిగుడ్డ మీద ఇసుక నలుసులు, వాటి నడుమ కండ్లకు ఆనీ ఆననట్టు తెల్లటి చుక్కలు. ఒకటి ఎగిరింది, ఇంకోటి ఎగిరింది.

"ఇసుకైతే ఎగురది గదనే" అన్నది అమ్మ మెల్లగ.

ఆ గుడ్డ పట్టుకొనే ఏడుపు అందుకున్నది. "నూలు తెగొద్దని వడగట్టినం. మనుషులకు ఎన్నడన్న వడగట్టినమా? దాన్నేమో ఎల్లగొడ్తిమి."

ఆనాటి నుంచి మా అమ్మ తాగే నీళ్ళు సుత వడగట్టింది. ఎవరన్న చూస్తే ఏం చెప్పాలె? "గంజికే" అని చెప్పేది. నన్ను సుత గట్లనే చెప్పుమన్నది. నాయినమ్మ కండ్లు ఊకుంటయా? "మన మగ్గమే నడుస్తలేదు, గన్ని నీళ్ళు ఏ గంజికే?" అని అడిగింది. అమ్మ తల ఒంచుకున్నది. నాయినమ్మకు అంత సమజైంది. మూలింటిదాని మంత్రాల ఇద్దె మా ఇంట్లకొచ్చిందనుకున్నది. తన కుండ వేరే పెట్టుకున్నది, తానే మెట్లు దిగి ముంచుకునేది, కోడలు ముట్టిన నీళ్ళు నోట్ల పొయ్యకపోయేది. గని గడప దాటి ఒక్క మాట చెప్పలే. ఇంటి గుట్టు లంకకు చేటని ఆమెకు ఎరుకే.

నాయిన బతికిండు. మడిమ బిగుసుకపోయింది, ఆ కాలుతోటి తొక్కుడు నేర్సుకున్నడు. నిరుటి కన్న సగం చీరలు దిగేటియి, అయినా దిగేటియి. మల్ల ఎండకాలమొచ్చింది.

మల్ల గల్లీ అంత నారి. మా ఎడమింట్ల ఇద్దరికి, కుడింట్ల ఒకరికి, కుల పెద్ద బిడ్డకు మోకాలి మీద. మా ఇంట్ల ఎవలకు లేదు. అమ్మకు, నాయినకు, నాకు, ఎవలకు లేదు.

అనుమానం పెనుభూతమని ఊకె అనలే పెద్దలు. పొద్దుగాల మా పొయ్యి కాడికి నిప్పుకొచ్చేటోళ్ళు రాకుండైన్రు. అమ్మ బాయి మెట్లు దిగితే ఆడోళ్ళు గోడకు ఒత్తుకొని తొవ్వ ఇచ్చేటోళ్ళు. పడుగులకు గంజి పెట్టుమని పిలుసుడు బంద్ చేసిన్రు. "పోయేటిది దీనికి అప్పజెప్పి పోయింది" అని ఇనవడేటట్టే అన్నరు. నేను అమ్మ పండ్లే చూస్తుంటి. ముందటి పండ్లు, వరుసగ, తెల్లగ. అమ్మ నవ్వుడు మానేసింది. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది, ఎవలన్న చూస్తరని.

ఇగ పిలుపు వచ్చింది. మంగళారం పోచమ్మ గుడి కాడికి రావాలెనని. నాయిన ఆ దినం అన్నం ముట్టలే. ఆ మంగళారం కులమంత కూసున్నది. మా అమ్మ నిరుడు మూలింటి అత్త నిలవడ్డ జాగలనే నిలవడ్డది, నేను కొంగు పట్టుకున్న. కుల పెద్ద గొంతు సవరించుకున్నడు. గప్పుడు మా నాయినమ్మ కట్టె పొడుసుకుంట, కుంటుకుంట వచ్చింది. వచ్చి అందరి నడుమ నిలవడి, చీర మోకాలు దాంక ఎత్తింది.

పిక్క మీద పుల్ల. పుల్లకు తెల్లటి నారి, బాగనే చుట్టి ఉన్నది. ఎన్ని దినాల సంది దాసిందో ఏమో! ఒంటిగ బొబ్బ పగలగొట్టుకొని, ఒంటిగ చుట్టుకొని, కోడలి ముందట ఓడిపోవద్దని చీర కింద కప్పుకున్నది మొండి ముసల్ది.

"మా ఇంట్ల లేదన్నదెవరు? చూడుండ్రి కండ్లు పెద్దగ చేసి!" అన్నది.

"అత్తకే పెట్టింది కోడలు" అని కాలికి పుల్ల కట్టుకున్న ఒకామె సన్నగ అన్నది.

నాయినమ్మ గిర్రున తిరిగింది. "మరి నీ కాలుకు ఎవరు పెట్టిన్రే? నీ కోడలా? ఓ కోడలా, ఇటు రా, మీ అత్త నిన్ను మంత్రగత్తె అంటున్నది!"

ఆ కోడలు కుయ్యోమన్నది. కూసున్నోళ్ళు నవ్విన్రు. కుల పెద్ద సుత నవ్విండు. నవ్వొచ్చినంక ఇగ ఎవల పండ్లు రాలగొడ్తరు? నాయినమ్మ ఆడితోటి ఆగలే. గా కాలు ఈడ్సుకుంట గల్లీల ప్రతి గడప కాడ నిలవడి, చీరెత్తి చూపెట్టింది. "మాకు సుత వచ్చింది, చూడు" అని, లగ్గం పిలుపులు చెప్పినట్టు చెప్పొచ్చింది.

ఇంటికొచ్చి గోడకు ఆనుకొని కూలవడ్డది. మొగమంత చెమట. అమ్మ వచ్చి కాళ్ళ కాడ కూసొని, పుల్లను మెల్లగ ఒక చుట్టు తిప్పి గుడ్డ కట్టింది. ఇద్దరు ఒకరి మొగం ఒకరు చూసుకోలే. నేను నాయినమ్మ కుండల ముంత ముంచబోతే, "అది గాదు. మీ అమ్మ కుండల నుంచి తే" అన్నది. తాగింది. మూతి తుడుసుకున్నది.

"ఆ మూలింటి పొల్ల బిడ్డను తోలుకొని ఏడికి పోయిందో ఎరుకనా?" అని అడిగింది అమ్మను.

"ఎరుక లేదత్తా."

నాయినమ్మ పొగాకు తీసింది గని నోట్లె ఏసుకోలే.

"దాని ఇంట్ల సుత నా అసొంటి ఒక ముసల్ది ఉండాల్సుండె" అన్నది.

మెట్లబాయిని ఎన్నడో పూడ్చిన్రు. దాని మీద ఇప్పుడేదో చెప్పుల దుకాణం ఉన్నది. నల్లాలొచ్చినయ్, నారి పోయింది, గల్లీ పోయింది. మా నాయినమ్మ, అమ్మ, నాయిన, అందరు పోయిన్రు. నా దోస్తు ఉంటే నా అంత ముసల్దయి ఉంటది. ఖైరతాబాదుల బస్సు దిగినప్పుడల్ల నా ఈడు ఆడోళ్ళ మొగాలు చూసేటిదాన్ని చాన ఏండ్లు. ఎవరన్న నా దిక్కు చూస్తే, ఇదేనా అనిపించేది. ఒకనాడు ఎదురైతే ఇంటికి తోలుకొచ్చుకొని, మా నాయినమ్మ కాలి సంగతంత చెప్పాలెననుకున్న. అంత చెప్పి నీళ్ళిస్తే, నా చేతి నీళ్ళు ఆమె తాగుతుండెనా? తాగకపోయేదనే నా అనుమానం.